పిడికెడు నల్లమన్ను

తుపాను వెలిసిన తొమ్మిదో నాడు పంట నష్టం రాసుకోవడానికి అంజలి వచ్చింది. ఆ ఊరి వ్యవసాయ సహాయకురాలు ఆమె. ఆ సాయంత్రం ఐదు దాటితే నమోదు ఆగిపోతుంది. ఊళ్లో ఇక యేసుమణి పొలం ఒక్కటే మిగిలింది.

పొలమంటే సొంతం కాదు. రంగయ్య దగ్గర ఇరవై ఆరేళ్లుగా కౌలుకు చేస్తున్న రెండెకరాలు. పూతకొచ్చిన కంది మొత్తం నేలకు పడి, నీళ్లలో నాని నల్లబడింది. పరిహారం వస్తే కౌలు కట్టి మళ్లీ విత్తుకోవచ్చు. లేదంటే పొలం ఇంకొకరికి ఇస్తానని రంగయ్య చెప్పేశాడు.

అంజలి ఫోను పట్టుకుని గట్టు మీద అటూ ఇటూ తిరిగింది.

“పెద్దమ్మా, ఇది నీ పొలం కాదంటాంది.”

“ఏందమ్మా ఆ మాట? మీ పెదనాయన ఎముకలు అరిగిపోయినాయి ఈడ.”

“అనేది నేను కాదు, ఫోను. కంది వేసినాక పంట రాసిన పొద్దు పొలాన్ని ఈడనే చూపించింది. ఇదిగో, నీలం చుక్క మనం. ఎర్ర గీత నీ పొలం. గీత లోపల నిలబడితేనే ఫోటో తీసుకుంటది.”

ఎర్ర గీత ఊరికి అవతల ఉంది. దాని పక్కనున్న అక్షరాలను యేసుమణి కూడబలుక్కుని చదివింది. సమాధుల తోట.



భర్త ఏబేలును అక్కడ పూడ్చి నెల కాలేదు. మంచం మీద ఉండి భార్యను ఒక్కటే అడిగాడు. “మన చేని మన్ను పిడికెడు నా మీద పొయ్యి. రెండెకరాలూ ఆ రంగయ్యవే గదా, పిడికెడన్నా నాతో రానీ.” ఆమె కొంగున కట్టుకుపోయి పోసింది.

ఇద్దరూ సమాధుల తోటకు నడిచారు. వానకు ఎర్రమట్టి దిబ్బంతా జారిపోయింది. దాని మీద నల్లమన్ను మాత్రం పోసింది పోసినట్టే ఉంది. పొడిగా ఉంది.

“గీత లోపలికొచ్చినాం,” అంజలి గొంతు తగ్గించింది. “కానీ పైరేదీ? ఫోటోలో పైరు పడాల.”

యేసుమణి మోకాళ్ల మీద కూర్చుంది.

“ఏమయ్యా, ఇచ్చింది అడగడం తప్పే. కంది వేసుకోవాల. ఇప్పటికియ్యి. తర్వాత నేనే మోసుకొస్తాలే.”

మన్ను తీసి కొంగున ముడేసుకుంది. లేచి నడిచింది.

ఫోనులో ఎర్ర గీత కూడా కదిలింది. తోట దాటింది, రోడ్డు దాటింది, చర్చి పక్కగా వచ్చింది. ఆయాసంతో యేసుమణి ఆగితే అదీ ఆగింది. అంజలి నాలుగడుగులు వెనకబడింది. ఎదురొచ్చిన గొర్రెలు ఎవరూ అదిలించకుండానే దారి దిగిపోయాయి.

ఐదుకు పది నిమిషాలుండగా యేసుమణి చేలో కొంగు విప్పింది. మన్ను మన్నులో కలిసింది. ఆమె కుళ్లిన కంది నడుమ నిలబడింది. అంజలి ఫోటో తీసింది.

“నమోదైపోయింది పెద్దమ్మా,” అంది. అని ఫోను వైపే చూస్తూ ఉండిపోయింది. “కానీ ఇదేందో చూడు.”

గీత పొలం చుట్టూ సరిగ్గా కూర్చుంది. ఒక్క మూల మాత్రం సన్నగా సాగి, ఊరు దాటి, సమాధుల తోట దాకా పోయింది.

యేసుమణి కొంగు దులుపుకుంది.

“ఉండనీలేమ్మా. అది నా దారి.”