రెండో ప్యాకెట్టు

మిషనమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పాతికేళ్లుగా వీధి మొత్తానికి బట్టలు కుడుతోంది కనుక ఆ పేరు పడింది. ఆమె కుట్టుకు వంక పెట్టిన మగాడూ లేడు, ఆడదీ లేదు. అలాంటి మనిషితో ఆమె అక్క మొగుడు, వీధి చివర మోటారుసైకిళ్ల షెడ్డు నడిపే ఆయన, "బ్రేకంటే జాకెట్టు కుట్టడం కాదు మరదలా" అన్నాడు. అనకుండా ఉండాల్సింది పాపం.

గొడవంతా ఇంట్లో ఉన్న పాత మోటారుసైకిలుది. దాని ఇంజను బంగారం. ముందు బ్రేకే మొరాయిస్తోంది, నొక్కితే పట్టుకుంటుంది కానీ వదిలితే వదలదు. కూతురికి కొండ అవతల ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది, సోమవారం పొద్దున ఆరింటికి డ్యూటీలో ఉండాలి. మొదటి బస్సే ఆరున్నరకు. అంటే ఈ బండి ఉంటేనే ఆ ఉద్యోగం. పైగా ఆసుపత్రి దాకా దారంతా దిగుడు. బావ చక్రం పక్కన గొంతుక్కూచుని చూసి, చక్రాన్ని పట్టి ఆపే కాలిపర్‌లో పిస్టన్లు బిగుసుకుపోయాయనీ, దాన్ని పడేసి కొత్తది తెప్పించాలనీ, అది రావడానికి నెల పడుతుందనీ తేల్చేశాడు.

"రబ్బరు రింగులు ఇప్పించు చాలు. విప్పడం, బిగించడం నేను చూసుకుంటా. ఆదివారం పదింటికి వచ్చి నీ కళ్లతో చూసుకో" అంది మిషనమ్మ.

ఆయన నవ్వుతూ రింగుల ప్యాకెట్లు రెండు తెచ్చి చేతిలో పెట్టాడు. బాగుచేసేది ఒక్క బ్రేకయితే రెండెందుకని అడిగితే, ఒకటి పాడు చేస్తావుగా అన్నాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. రెండో ప్యాకెట్టును బొత్తాల డబ్బా అడుక్కి తోసేసి, చచ్చినా దాన్ని విప్పనని కూతురి ముందు శపథం పట్టింది.

శనివారం కుట్టు పనులన్నీ పక్కన పెట్టి, కత్తిరింపుల బల్ల మీద పాత దుప్పటి పరిచి కాలిపర్ విప్పింది. గాలి పంపుతో పిస్టన్లను బయటికి తోసింది. వాటి మీద నల్లటి మడ్డి పేరుకుపోయి ఉంది. తుడిచాక గోరుతో చుట్టూ తడిమి చూస్తే ఎక్కడా గుంట తగల్లేదు, పట్టుబట్ట అంచు చూసే గోరు అది. రింగులు కూచునే గాడిని పంటిపుల్లతో, పాత బ్రష్షుతో గంటన్నర గోకింది. ఇక కొత్త రింగులు ఎక్కించాలి. అవేమో పొడిగా, మొండిగా ఉన్నాయి. చెయ్యి దానంతటదే మిషను పక్కనున్న పొడుగు ముక్కు నూనె డబ్బా మీదికి పోయింది. ఒక్కో రింగు మీద ఒక్కో చుక్క వేసింది. పాతికేళ్ల అలవాటు మరి. పిస్టన్లు వెన్నలో వేలు దిగినట్టు దిగాయి.

బిగించాక కూతురు లివరు నొక్కి పట్టుకుంటే, తల్లి నట్టు వదులు చేసి గొట్టంలోంచి గాలి బుడగలన్నీ పోయేదాకా బ్రేకు ద్రవం వదిలింది. లివరు గట్టిపడింది. చక్రం ఎత్తి తిప్పితే నాలుగు చుట్లు తిరిగింది. సాయంత్రానికల్లా వీధి వీధంతటికీ కబురు తెలిసిపోయింది, తెలియజేసింది ఆవిడే.

ఆదివారం లేవగానే మరోసారి చక్రం తిప్పి చూసుకుంది. ఒకటిన్నర చుట్టు తిరిగి ఆగిపోయింది. కాలిపర్ విప్పి రింగు బయటికి తీసి, రెండో ప్యాకెట్టును విప్పకుండానే, గాజు కాగితంలోంచి కనిపించే రింగు పక్కన పెట్టింది. తీసింది లావుగా, మెత్తగా ఉంది. నూనె మరక పడ్డ లంగా ఎలాస్టిక్కు ఎలా ఉబ్బి సాగుతుందో ఆమె ఎన్నిసార్లు చూడలేదు గనక. కూతురు ఏమైందని అడిగేలోపే మిషనమ్మ నాలిక కరుచుకుంది, ఇది తను వేసిన నూనె చుక్కల పనే.

అలాగే మళ్లీ బిగించేస్తే బావ కళ్ల ముందు బండి ఆగనే ఆగుతుంది, ఆయన నోరు మూతపడుతుంది. కానీ రేపు దిగుట్లో వదలని బ్రేకు కాలిపోతుంది, ఆ బండి మీద ఉండేది తన బిడ్డ. పోనీ రెండో ప్యాకెట్టు విప్పి గుట్టుగా మార్చేద్దామా అంటే, ఆ నూనె ఇంకెక్కడికి పాకిందో, దేన్ని పాడు చేసిందో ఆమెకు తెలియదు. తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. మిషనమ్మ ఉబ్బిన రింగును గుప్పిట్లో పెట్టుకుని, తల దించకుండా, వీధి మధ్య నుంచే షెడ్డుకు నడిచింది. తలకొట్టేసినట్టుంది, అయినా నడిచింది.

"మిషను నూనె పూశాను బావా. ఇంకేం పాడైందో చెప్పు."

ఎగతాళి చేస్తాడనుకుంది. ఆయన రింగును రెండు వేళ్ల మధ్య నొక్కి చూశాడు.

"నేను పని నేర్చుకునే రోజుల్లో గ్రీజు పూశాను. మా మేస్త్రీకి చెప్పలేదు. ఆ బండి తిరిగొచ్చేదాకా వారం రోజులు అన్నం సయించలేదు నాకు. నీకు రెండు ప్యాకెట్లు ఇచ్చింది అందుకే."

తర్వాత ఏం చేయాలో వివరంగా చెప్పాడు. పాత ద్రవం చుక్క మిగలకుండా తీసెయ్యాలి, లోపలి భాగాలన్నీ కొత్త బ్రేకు ద్రవంతోనే కడగాలి, రెండో ప్యాకెట్టు రింగులను తడిపేదీ ఆ ద్రవంతోనే. హ్యాండిలు దగ్గర ద్రవం పోసే డబ్బాలో రబ్బరు ఉబ్బలేదు కదా చూడమన్నాడు. తాను వచ్చి చెయ్యనా అని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే ఆమె ఊరుకునేదీ కాదు.

పది దాటి పావుగంటకు మిషనమ్మ బట్టల సుద్దతో రోడ్డుకు అడ్డంగా గీత గీసింది. వీధి మలుపు పైనుంచి కూతురు బండి దించుకుంటూ వచ్చింది. అరుగుల మీద జనం లేచి నిలబడ్డారు. బండి కుదుపు లేకుండా ఆగింది, ముందు చక్రం సరిగ్గా గీత మీద. బావ చక్రం ఎత్తి తిప్పి, చుట్లు లెక్కపెట్టాడు. అయిదు. ఎవరు చేశారని పక్కింటాయన అడిగితే, "మా మరదలు. తప్పు తనే పట్టుకుంది, తనే దిద్దింది" అన్నాడు వీధికంతా వినపడేలా. ఆమె తన గర్వాన్ని దాచుకోలేదు.

సోమవారం కూతురు అయిదూ యాభైకే ఆసుపత్రి చేరానని ఫోను చేసింది. ఉబ్బిన రింగు ఇప్పుడు నూనె డబ్బా ముక్కుకు వేలాడుతోంది. ఎవరడిగినా కథంతా చెబుతుంది, నూనె సంగతి మొదట చెబుతుంది.

గురువారం ఎవరో కుర్తా కొలతలకొచ్చాడనుకుని టేపు తీసింది. అతను గుమ్మం బయటున్న తన మోటారుసైకిలు చూపించి, బ్రేకు వదలడం లేదనీ, షెడ్డు ఆయన ఇక్కడికి వెళ్లమన్నాడనీ చెప్పాడు.

మిషనమ్మ టేపు మెడలో వేసుకుంది.

"రింగులు రెండు ప్యాకెట్లు తెచ్చావా?"