సీలు తెంచుకున్న పైపు

నేను ఒక డ్రిప్పు పైపును. నల్లటి ఒళ్ళు, మూరకొక కన్నం. ఫ్యాక్టరీలో పుట్టగానే నన్ను చుట్టగా చుట్టి, టేపు బిగించి, దాని మీద సీలు వేశారు. నీళ్ళు మోయడానికి పుట్టినదాన్ని, చుక్క నీరు ఎరగకుండానే ఖైదయ్యాను.

నన్ను సంపాదించింది అనంతపురం వైపు మెట్టపల్లె రైతు ఓబుళమ్మ. ఆమెకు చీనీ తోట, అదే బత్తాయి తోట, అంతంతమాత్రం బోరు ఉన్నాయి. ప్రభుత్వం రైతులకు ఏదో ఇస్తుందని విన్నది గానీ ఎక్కడ ఇస్తారో చెప్పే దిక్కు లేదు. రైతు కేంద్రం వాళ్ళు ఉద్యాన శాఖకు పొమ్మన్నారు. ఆ శాఖవాళ్ళు డ్రిప్పు ఆఫీసు చూపించారు. అక్కడ గుమ్మంలో కూర్చున్నాయన మళ్ళీ రైతు కేంద్రానికే పంపాడు. పనిని పక్కవాడి మీదికి తోయడంలో మనుషులకు మనుషులే సాటి. ఆమె చెప్పులరిగాక నేను దొరికాను, ఒక షరతు మీద. ఆఫీసరు వచ్చి సీలుతో సహా నన్ను ఫోటో తీసుకున్నాకే పొలంలో పరచాలి.

ఆఫీసరు రాలేదు. బదిలీ అయ్యాడట, కొత్తాయన ఇంకా చేరలేదట. నేను మేకల కొట్టంలో గోడకు జారగిలబడ్డాను. దసరా ఆయుధపూజకు ఓబుళమ్మ నన్ను కొడవలి పక్కన నిలబెట్టి పసుపు కుంకుమ పెట్టింది. సీలు మీద బొట్టు మరీ శ్రద్ధగా దిద్దింది. నాకు ఏడుపొచ్చింది. పని చేయనివ్వకుండా ఈ పూజలెందుకు?

ఎండాకాలం వచ్చింది. బోరు నీళ్ళు కాలువలో సగం దారికే ఇంకిపోతున్నాయి. చీనీ చెట్లు ఆకులు ముడుచుకుని పిందెలు రాల్చేస్తున్నాయి. ఆమె బిందెలతో నీళ్ళు మోస్తుంటే ఆ చప్పుడు వింటూ నేను కొట్టంలో ఉడికిపోయాను.

"చెట్లు ఎండిపోతాండాయి నారెప్పా. దీన్ని పరిచేస్తా," అంది మరిదితో.

"వద్దొదినా! సీలు తెంపితే నీటికుంటకు నీ పేరు కొట్టేస్తారు. సారొచ్చేదాక ఓర్చుకో."

వాన నీరు నిలిపే ఆ కుంటనూ ఆ ఆఫీసే మంజూరు చేయాలి, దానికోసం ఆమె ఏళ్ళుగా తిరుగుతోంది. అయినా కొడవలి తీసింది.

"నేనైతే ఓర్చుకుంటా. చెట్టు ఓర్చుకుంటాదా?"

నాలో మొదటిసారి నీళ్ళు పరుగెత్తినప్పుడు ఆనందంతో ఒళ్ళు తెలియలేదు. కొన్ని చెట్లు అప్పటికే పోయాయి. మిగిలినవి చిగురు వేశాయి.

సరిగ్గా అప్పుడు దిగాడు కొత్త ఆఫీసరు.

"సీలు ఏదమ్మా? సరే, దీన్ని మళ్ళీ చుట్ట చుట్టండి, ఫోటో తీసుకుంటాను. ఇంకో తనిఖీ ఉంది, అది అయ్యేదాకా పరచకండి."

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. నారెప్ప అప్పటికే వంగి నా కొస పట్టుకున్నాడు. ఓబుళమ్మ వచ్చి నా మీద కాలు వేసి నిలబడింది.

"ఇది లేయదు సార్. కావాలంటే ఇట్లే తీసుకోండి ఫోటో."

ఆయన తీసుకోలేదు. ఆమెకు రావాల్సిన కుంట పక్క ఊరికి పోయింది.

నేను ఇప్పటికీ ఆ సాలులోనే ఉన్నాను. కదలకుండా మేకులు కొట్టారు, ఉడత కొరికిన చోట గుడ్డపీలిక చుట్టారు. ఇదీ బందిఖానానే, కాకపోతే పనున్న బందిఖానా. కుంట పోగొట్టుకుందని నారెప్ప వదినను సాధిస్తూనే ఉంటాడు. ఆమె చెట్టు నుంచి ఒక చీనీకాయ కోసి అతని చేతిలో పెడుతుంది. అతను ఒలుచుకు తింటూనే తిడతాడు.