మూతకు కట్టిన తీగ

నాగజ్యోతి కుడిచేతి వేళ్ళు రెండు మెషిన్లో ఇరుక్కుని నలిగిపోయాయి. సూపర్‌వైజర్ త్రినాథ్ పరుగున వచ్చి కరెంటు ఆపాడు. ఆపి, ఆ పిల్ల చేతివంక చూడకుండా, మూత దగ్గరున్న రాగితీగ ఊడపీకి జేబులో వేసుకున్నాడు. పక్క బల్ల దగ్గరున్న జైతున్‌బీ అది చూసింది. చూడనట్టు తల దించుకుంది.

గుంటూరు అవతల, మిర్చి కోల్డ్ స్టోరేజీల వెనక ఉంది ఆ ఫ్యాక్టరీ. ఫోన్ల లోపలి బోర్డులు చేస్తారు. నలభై మంది ఆడవాళ్ళు కళ్ళు చిట్లించి చేత్తో అతికించే చీమతలంత ముక్కల్ని, రెండువేల రెండులో వచ్చిన ఈ మెషిన్ రీళ్ళలోంచి తీసి టకటకా పెట్టేస్తోంది. అది రాగానే పదిహేను మందిని ఇంటికి పంపారు. మూత తెరిస్తే మెషిన్ దానంతటదే ఆగాలి. ఆగితే పని వెనకబడుతుందని త్రినాథ్ ఆ తీగ కట్టాడు. మూత తెరిచినా ఆగదు. ఇరుక్కున్న బోర్డును నడుస్తుండగానే లాగమనేవాడు.

సాయంత్రం జైతున్‌బీని గదిలోకి పిలిచి కాగితం ముందు పెట్టాడు. నాగజ్యోతి వద్దన్నా వినకుండా చెయ్యి పెట్టిందని రాసుంది.

"సంతకం పెట్టు. రేపట్నుంచి మెషిన్ మీద నువ్వే. పెట్టనంటావా, తీసేసేవాళ్ళ లిస్టు నా దగ్గరే ఉంది."

ఇంట్లో మిర్చి ఘాటు పీల్చి పీల్చి ఊపిరి దెబ్బతిని మంచం పట్టిన మొగుడు హయాత్. పొయ్యి వెలిగేది ఆమె కష్టం మీదే. "రేపు పెడతా సార్," అని బయటపడింది.

అక్కణ్ణించి నేరుగా జయకుమారి ఇంటికి వెళ్ళింది. మొదట తీసేసిన పదిహేను మందిలో పెద్దది జయకుమారి. అప్పటికే ఫ్యాక్టరీ ఆడవాళ్ళంతా తలుపులు వేసుకుని కూర్చున్నారు.

"ఆ మెషిన్ పగలగొడితే పీడా పోద్ది," అంది రీళ్ళు ఎక్కించే నగ్మా.

"మెషిన్ ఏం చేసిందే?" అంది జయకుమారి. "మూత తీస్తే ఆగాలనే దాన్ని చేశారు. ఆగనీకుండా చేసింది ఎవరు? మన పని తేలిక చెయ్యాల్సింది మన కూడెందుకు తీసింది? అది అడగండి. ఆ తీగ ఇప్పుడు లేదంట, తీస్తుంటే ఎవరన్నా చూశారా?"

జైతున్‌బీ తలుపు దగ్గర్నించి ముందుకు జరిగింది.

"నేను చూశా," అంది. "నాకు భయంగా ఉందక్కా."

"నాకూ భయమేనే. ఒక్కదానివి చెప్తే నిన్ను తీసేస్తాడు. మిగిలిన ఇరవై నలుగురూ చేతులు ముడుచుకుంటే రీళ్ళు ఎక్కించేదెవరు?"

పొద్దున త్రినాథ్ అందరి ముందే కాగితం చాపాడు. ఓనరు కూడా వచ్చి నిలబడ్డాడు. జైతున్‌బీ కలం ముట్టుకోలేదు.

"తీగ మీరే కట్టారు సార్. మీరే తీశారు. నేను చూశా."

ఆ మాటకే నగ్మా చేతిలోని రీలు కింద పెట్టింది. తర్వాత పక్కామె. తర్వాత ఆ వరసంతా. మెషిన్ ఖాళీ బోర్డుల మీద కాసేపు ఆడి, ముక్కలు అందక ఆగిపోయింది.

"నాగజ్యోతికి వైద్యం మీరే చేయించాలి. తీసేసినవాళ్ళని పిలవాలి," అంది నగ్మా.

ఓనరు పోలీసులకు ఫోన్ చేశాడు. మెషిన్ పాడుచేసిందని జైతున్‌బీని జీపెక్కించారు. మెషిన్ మీద ఒక్క గీత కూడా పడలేదు.

గేటు దగ్గర పనిలేని పదిహేను మంది, పనాపిన ఇరవై ముగ్గురు కలిశారు. జీపు వెనకే నడిచారు. కోల్డ్ స్టోరేజీ ముందు మిర్చి నింపిన టిక్కీ బస్తాలు మోస్తున్న హమాలీలు చూసి, ఏమైందని అడిగారు. జయకుమారి చెప్పింది. ముఠా మేస్త్రి సిలార్ భుజం మీది టిక్కీ దించి, తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"స్టేషన్ దాకా మేమూ వస్తాం, పదండి," అన్నాడు.

మిర్చి లారీల మధ్య నెమ్మదిగా కదులుతున్న జీపులో జైతున్‌బీ కొంగు కప్పుకుని కూర్చుంది. పక్కనున్న కానిస్టేబుల్ వెనక్కి తిరిగి, రోడ్డు నిండా వస్తున్న జనాన్ని చూసి, డ్రైవరును త్వరగా పొమ్మన్నాడు.