ఒకే పాట, నలభై మూడు కవర్లు

తమ్ముడు పోయిన మూడు వారాలకు, ఒక ఆదివారం పొద్దున, అతను ఇరవై ఏళ్లుగా కూర్చుకున్న వరస అక్క చేతుల మీదుగా చెదిరిపోయింది.

ఆమె చేసింది దుమ్ము తుడవడమే. అతని గదిలో అరల నిండా చిన్న రికార్డులు. అన్నీ ఎప్పుడో వాయించడం మానేసిన ఒక రాక్ బ్యాండువి. పై అరలోని నలభై మూడింటిలోనూ ఒకటే పాట, దేశదేశాల్లో అచ్చయినది. ఆమె రికార్డులన్నీ బయటికి తీసి ఒక దొంతర, కవర్లు ఒక దొంతర పెట్టింది. మెత్తటి గుడ్డతో ఒక్కొక్కటే తుడిచింది. మళ్లీ చేతికందిన రికార్డును చేతికందిన కవర్లో పెట్టేసింది.

మధ్యాహ్నం తమ్ముడి స్నేహితుడు వచ్చాడు. పాత రికార్డు ప్లేయర్లు బాగుచేస్తాడు. అందరూ సూది అనే పిలుస్తారు. ఒక కవరు తీసి లోపల చూశాడు. ఇంకోటి తీశాడు.

“అక్కా, వీటినెవరు ముట్టుకున్నారు?”

“నేనే. అన్నీ ఒకటే పాట కదరా!”

“నీ క్లాసు పిల్లలంతా చదివేదీ ఒకటే పాఠం కదా. సాయంత్రం ఎవర్ని ఏ ఇంటికి పంపినా ఫర్వాలేదా?”

ఆమె పై అరలోని కవర్లన్నీ మళ్లీ బల్ల మీదికి దించింది.

“వాడు పెట్టినట్టే పెట్టాలి. ఎలాగో చెప్పు” అంది.

సూది భూతద్దం తీశాడు. పాట గీతలు అయిపోయాక, నడిమి కాగితానికి ముందు కాస్త నునుపు జాగా ఉంటుంది. అక్కడ వెంట్రుకంత సన్నగా చెక్కిన నంబరు చూపించాడు. ఒక్కో దేశపు ఫ్యాక్టరీది ఒక్కో తీరట. ఆమె నంబర్లు చదువుతుంటే అతను ఆయా దేశాల కవర్లు వెతికాడు.

“చివరిది ఏడా, ఒకటా?”

“ఒకటేరా. పైన టోపీ ఉంది.”

“టోపీ పెడితే ఏడక్కా! పరీక్ష పేపర్లు దిద్దే కళ్లేనా ఇవి?”

“దిద్దీ దిద్దీ అరిగిపోయిన కళ్లు.”

వినేది ఒక్క పాట, కొనేది నలభై సార్లా అని ఆమె తమ్ముణ్ని ఎన్నిసార్లో దెప్పింది. నువ్వు ఏటేటా అదే పాఠం చెప్పట్లేదా అని అతను నవ్వేవాడు. ఏ దేశపు రికార్డులో డ్రమ్ము గట్టిగా వినిపిస్తుందో చెప్పబోతే, పొయ్యి మీద కూర ఉందని లేచిపోయేది. ఆ సంగతి సూదికి చెప్పలేదు.

లైట్లు వేసే వేళకు నలభై ఒకటి కుదిరాయి. రెండు రికార్డులు, రెండు కవర్లు మిగిలాయి. నంబర్లు చూస్తే ఆ రికార్డులు ఆ కవర్ల దేశాలవే కావు. సొంత కవరు దొరకని రికార్డుల్ని, రికార్డు దొరకని కవర్లలో తమ్ముడే సర్దుకున్నాడన్నమాట. ఏది దేనిలో సర్దాడో ఎక్కడా రాసుకోలేదు.

“రెండే కదక్కా. ఎలాగోలా పెట్టేయ్. వాడేమన్నా లేచొచ్చి అడుగుతాడా?” అనేసి సూది నాలుక కరుచుకున్నాడు.

“అడగడు” అందామె. “ఊహించి రాసిన జవాబుకు నేనెప్పుడూ మార్కు వెయ్యలేదురా.”

నలభై ఒకటీ అరలోకి చేరాయి. రెండు రికార్డులు, రెండు కవర్లు బల్ల మీదే ఉన్నాయి. ఏది దేనిలో పెట్టాలో ఇంకా తేలలేదు.