ఏడో నంబరు పెట్టె

"గుర్తింపు కార్డులు?" అన్నాడు రిజిస్ట్రారు తలెత్తకుండా.

పెళ్ళికూతురు భుజం తడుముకుంది. భుజానికి సంచీ లేదు. కుర్చీ కింద చూసింది. అక్కడా లేదు.

"నా కార్డు కూడా అందులోనే ఉంది," అన్నాడు పెళ్ళికొడుకు మెల్లగా. "నేను పారేస్తానని నువ్వే లాక్కున్నావు."

"ఇప్పుడా దెప్పేది?"

గోడ గడియారంలో పదకొండుంపావు. రిజిస్ట్రారు కలం మూత పెట్టాడు. "ఈరోజు శనివారం. ఒంటిగంటకు తాళం వేస్తాను. ఒక్క నిమిషం కూడా ఆగను. కార్డులు లేకపోతే సోమవారం రండి."

సోమవారం కుదరదు. పెళ్ళికొడుకు సరుకుల ఓడలో వంటవాడు. రేపు తెల్లారి ఓడ కదులుతుంది. మళ్ళీ ఎనిమిది నెలలకు గానీ రాడు. ఈ పెళ్ళి ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. మూడోసారి కూడా పడితే ఓడకే తాళం వేస్తానని పెళ్ళికూతురు నిన్ననే ప్రకటించింది.

వెనక వరసలో కూర్చున్న మేనత్త వైపు తిరిగింది. "అత్తా, ఇంట్లో బల్ల మీద నా నల్ల సంచీ చూశావా?"

అత్త ముఖం వెలిగింది. "చూడకేం? కాగితం రెండు మడతలు చుట్టి పెట్టెలో పెట్టేశాను. లారీ బోల్తా కొట్టినా దానికి గీత పడదు."

పక్కనే ఉన్న పెళ్ళికూతురు తండ్రి నుదురు కొట్టుకున్నాడు.

అది ఇళ్ళ సామాను తరలించే కుటుంబం. తండ్రి పని ఒప్పుకుంటాడు, అత్త పెట్టెలు కడుతుంది, అన్న లారీ నడుపుతాడు. ఏ వస్తువు లారీలో ఎక్కడ ఉండాలో గీసి ఇచ్చేది పెళ్ళికూతురు. ముప్పై ఏళ్ళుగా అత్త చేతికి అందినది పెట్టెలో పడాల్సిందే. ఒకసారి తండ్రి కళ్ళజోడు పక్క ఊరికి వెళ్ళి వచ్చింది.

"ఏ పెట్టె?"

"ఏడు. నీ కొత్తింటికి పంపే వాటిలో."

పెళ్ళికూతురు కళ్ళు మూసుకుంది. కొత్తింటికి వెళ్ళాల్సిన పదకొండు పెట్టెలనూ పొద్దున ఆరింటికే లారీ ఎక్కించారు. తరవాత అదే లారీ ఒక టీచరమ్మ ఇంటికి వెళ్ళింది. ఆవిడ సామాను ముందు దిగాలి కాబట్టి పెళ్ళికూతురు తన పెట్టెలను లోపల, డ్రైవరు గది గోడకు ఆనించి పెట్టించింది. వాటికి అడ్డంగా ఇప్పుడు టీచరమ్మ ఇల్లంతా ఉంది.

గీత గీసింది తనే. ఎవరిని తిట్టాలి?

అన్నకు ఫోన్ చేసింది. "ఎక్కడున్నావు?"

"వంతెన దిగాను. ఏమ్మా, పెళ్ళయిపోయిందా? మా బావ ఏడ్చాడా?"

"బండి ఇటు తిప్పు. రిజిస్ట్రారు ఆఫీసుకి."

"టీచర్ గారు పక్కనే ఉన్నారే!"

"ఆవిడకివ్వు." తర్వాతి నిమిషంలో పెళ్ళికూతురు ఓడ, ఎనిమిది నెలలు, ఏడో పెట్టె అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

అటునుంచి గట్టి గొంతు వినిపించింది. "నా గాజు సామాను పగిలితే పెళ్ళికూతురివని కూడా చూడను. డ్రైవరూ, తిప్పవయ్యా!"

పన్నెండుకు అయిదు నిమిషాలుండగా లారీ ఆఫీసు సందులోకి దూరింది. ఇరుకు సందు, అవతలి కొస మూసేసి ఉంటుంది. ముందు దిగింది టీచరమ్మ, చేతిలో పంజరం, పంజరంలో బొద్దుగా ఒక పిల్లి.

"పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడం విన్నాను గానీ, చూడటం ఇదే," అన్నాడు అన్న.

"నోరు తరవాత, తలుపు ముందు," అంది చెల్లెలు. చీర కొంగు నడుముకు బిగించింది.

మొదట సోఫా దిగింది. తరవాత భోజనాల బల్ల, ఆరు కుర్చీలు. పెళ్ళికొడుకు కొత్త కోటు విప్పి పిల్లి పంజరం మీద పడేసి బీరువా కింద భుజం పెట్టాడు. అత్త గాజు సామాను పెట్టెలను పసిపిల్లల్లా ఎత్తుకుని దించుతోంది. టీచరమ్మ రోడ్డు మధ్య నిలబడి ఏది ఎక్కడ పెట్టాలో ఆజ్ఞలిస్తోంది. పన్నెండున్నరకు సందులో సగం ఇల్లు వెలిసింది. మంచాలు, అద్దం, కుట్టుమిషను, పుస్తకాల పెట్టెలు. ఆ పుస్తకాల పెట్టెలు ఎంతకీ తరగవు.

"టీచర్ గారూ, ఇవన్నీ చదివారా?" అన్నాడు పెళ్ళికొడుకు రొప్పుతూ.

"సగం చదివాను. మిగతా సగం మీ పెళ్ళయ్యేలోపు చదివేస్తానేమో."

ఒంటిగంటకు రెండు నిమిషాలు. ఇంకా రెండు పరుపులు, ఒక రాతబల్ల. పెళ్ళికూతురు ఆగలేదు. పరుపుల మీదకెక్కి బల్ల కింద నుంచి పాకింది. లోపల చీకట్లో వేళ్ళతో అంకెలు వెతికింది. తొమ్మిది. నాలుగు. ఏడు!

ఆమె సంచీతో బయటపడేసరికి ఆఫీసు తలుపు దగ్గర తాళం టక్కుమంది.

రిజిస్ట్రారు మెట్లు దిగి వచ్చాడు. "ఒంటిగంటా రెండు నిమిషాలు. చెప్పానుగా!"

"సార్, కార్డులు!"

"సోమవారం." ఆయన కారు వైపు నడిచాడు. నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. కారు సందు మూసిన కొసన ఉంది. కారుకూ పెద్ద రోడ్డుకూ మధ్య ఒక సోఫా, రెండు మంచాలు, బీరువా, లారీ.

"ఇదంతా తీయండి!"

"తీస్తాం సార్," అంది పెళ్ళికూతురు. జుట్టు నిండా దుమ్ము. "పద్ధతిగా ఎక్కించకపోతే దారిలో అద్దం పగులుతుంది. గంటన్నర పడుతుంది."

"గంటన్నరా! బెదిరిస్తున్నావా?"

"లేదు సార్. ఈ పనిలో పదేళ్ళ అనుభవం."

టీచరమ్మ సోఫా మీది కాగితం తొలగించి పక్కన చోటు చూపించింది. "కూర్చోండి బాబూ. గంటన్నర ఊరికే కూర్చుంటారో, అందులో అయిదు నిమిషాలు పైకెళ్ళి సంతకాలు పెట్టించి వస్తారో మీ ఇష్టం. పిల్లాడు రేపు సముద్రం మీదకి పోతున్నాడట."

రిజిస్ట్రారు సోఫాను చూశాడు, పిల్లిని చూశాడు. చెమటకు తడిసిపోయి చేతులు కట్టుకుని నిలబడ్డ పెళ్ళికొడుకును చూశాడు. జేబులోంచి తాళంచెవి తీశాడు.

"అయిదు నిమిషాలే. చేతులు కడుక్కుని రండి. రిజిస్టరుకు మట్టి అంటితే ఊరుకోను."

సాక్షులుగా తండ్రి, అత్త, అన్న సంతకాలు చేశారు. పెళ్ళికూతురు గబగబా సంతకం పెట్టింది. పెళ్ళికొడుకు తన పేరు రాసి, తప్పు రాశానేమోనని రెండుసార్లు చదువుకున్నాడు. రిజిస్ట్రారు ముద్ర కొట్టాడు.

"అయిపోయిందా సార్?" అందామె.

"అయిపోయిందమ్మా. ఇక నా కారు!"

అందరూ కిందికి పరిగెత్తారు. తండ్రి బీరువాకు ఒక పక్క నిలబడి, రెండో పక్క వంగుతున్న కుర్రాణ్ణి ఎగాదిగా చూశాడు.

"నడుముతో కాదు అల్లుడూ, మోకాళ్ళతో లేపాలి. ఊఁ... పట్టు!"