బ్యూలా రెండో వాంగ్మూలం

శాంతికుమార్‌ను మా కళ్ల ముందే చంపారు. మధ్యాహ్నం రెండు గంటలు, షిఫ్టు మారే వేళ. మెట్టుగూడలో, రైలు బోగీల దుప్పట్లు ఉతికే లాండ్రీ గేటు ముందు. అతను లారీలోంచి మూటలు దించి, బయటికొచ్చి చేతులు తుడుచుకుంటున్నాడు. బైకు మీద వచ్చిన ఇద్దరిలో వెనక కూర్చున్నవాడు దిగి, మెడ మీద నరికాడు. రెండో వేటుకు శాంతికుమార్ మోకాళ్ల మీద కూలిపోయాడు. అరిచింది మేమే. అతను అరవనే లేదు.

నరికినవాడు నాగసాయి. శాంతికుమార్ భార్య కల్పలతకు సొంత మేనమామ. మాదిగ క్రైస్తవుల పిల్లవాణ్ని చేసుకుని ఇంటి పరువు తీసిందని ఆ పెద్దకులపు కుటుంబం ఏడు నెలలుగా రగిలిపోతోంది. పరువంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. పట్టపగలు, పదకొండు మంది ఆడవాళ్లు చూస్తుండగా మనిషిని నరికి, తొందర లేకుండా బైకెక్కి పోగలగడం.

ఆ పదకొండు మంది పేర్లూ పోలీసులు సాక్షులుగా రాసుకున్నారు. నా పేరు విజయమ్మ. జాబితాలో ఏడోదాన్ని.

నాలుగేళ్లు గడిచాయి. ఈ మీటింగుకు వచ్చిన మీలో చదువుకునే పిల్లలు చట్టాల గురించి నాకంటే బాగా చెప్పగలరు. నాకు తెలిసినవి వాయిదాలు. జడ్జి సెలవు. వకీలు రాలేదు. నిందితుడికి జ్వరం. ఏదో కాగితం దొరకలేదు. ప్రతి వాయిదాకూ కల్పలత టిఫిన్ డబ్బా కట్టుకుని పోయేది, సాయంత్రం తిరిగొచ్చేది. భర్త పోయిన మూడో నెలలో ఆమె మా లాండ్రీలోనే చేరింది. కాంట్రాక్టర్ నరసరాజు అప్పట్లో దయ చూపించి, పేపర్లో ఫోటో కూడా వేయించుకున్నాడు. తర్వాత ఏడాదికే కల్పలత తండ్రి రాఘవేందర్‌తో కలిసి ఏ.ఎస్. రావు నగర్‌లో అపార్ట్‌మెంట్లు కట్టడం మొదలుపెట్టాడు.

కల్పలతది దుప్పట్లు మడతపెట్టే పని. ఇద్దరు కలిసి చేయాలి. చెరో కొస పట్టుకుని, దగ్గరికొచ్చి, మళ్లీ దూరం జరగాలి. ఆమెకు ఎదురుగా నిలబడేది బ్యూలా.

శాంతికుమార్‌ను చంపిన రోజు రోడ్డుకు అవతల ఒక కారు ఆగి ఉంది. అందులో రాఘవేందర్ ఉన్నాడు. నాగసాయి బైకు ఆ కారు పక్కన ఒక్క నిమిషం ఆగింది. కారు అద్దం దిగింది. అప్పుడు ఆ పక్కనే టీ కొట్టు దగ్గర ఉన్నది బ్యూలా ఒక్కతే. తండ్రిని చూసిన సాక్షి ఆమె ఒక్కతే.

మొదటి సాక్షి ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయింది. రెండో సాక్షి బ్యూలా. నిరుడు బోనెక్కి, "నేనేం చూడలే సార్. తల వంచుకుని టీ తాగుతున్న" అంది. ఐదు నిమిషాల్లో అయిపోయింది.

మర్నాడు పొద్దున బ్యూలా పనికి వచ్చి, ఎప్పటిలాగే దుప్పటి రెండో కొస పట్టుకుంది. మేమంతా పని ఆపి చూస్తున్నాం. మధ్యాహ్నం దాకా ఇద్దరూ మడతలు పెడుతూనే ఉన్నారు. చివరికి కల్పలత అన్నది ఒక్క మాట. "అక్కా, కొస జెర గట్టిగ పట్టు. జారుతున్నది."

ఈ ఏడాది ఎండాకాలంలో సర్కారు వకీలు మేడమ్ కల్పలతను పిలిచి ఉన్నమాట చెప్పింది. తండ్రి అక్కడున్నట్టు సాక్ష్యం లేకపోతే అతను బయటపడతాడు. మిగతా సాక్షుల వాయిదా దగ్గరికొస్తోంది. అదే వారం నరసరాజు మమ్మల్ని వరసగా నిలబెట్టి అన్నాడు. "కోర్టుకు పోయేటోళ్లు పోన్రి. నేనేం ఆపను. మళ్ల గేటు లోపలికి మాత్రం రావద్దు."

ఆదివారం ప్రార్థన అయ్యాక మెట్టుగూడ సందులోని చర్చి హాల్లోనే కూర్చున్నాం. ముప్పై ఐదు మందిమి. మా లాండ్రీ కార్మికుల సంఘం అంటే అప్పటికి ఒక రసీదు పుస్తకమూ, ఒక జెండా, అంతే. తలుపు దగ్గర నుంచి ఎవరో గట్టిగా అన్నారు. "బ్యూలా నోరు తెరిస్తే గీ తక్లీఫ్ అంత ఉండకపోవు."

బ్యూలా లేచి నిలబడింది.

"మా ఇంటికి ముగ్గురు వచ్చిన్రు. నా బిడ్డ ఏ బస్సెక్కుతదో, ఏ స్టాపుల దిగుతదో నాకే చెప్పిన్రు. నేను బోనెక్కిన నాడు మీరందరు ఏడున్నరు? ఒక్కరన్న వచ్చిన్రా? వెనక్కి తిరిగి చూసిన. రాఘవేందర్ మనుషులే ఉన్నరు, రెండు బెంచీల నిండ."

ఆమె బోనెక్కిన నాడు నేను ఓవర్‌టైం చేశాను. కావాలనే చేశాను. వంతు నాదాకా రాకుండా కేసు ముగిసిపోతే బాగుండునని కోరుకున్నాను. ఇది దాచిపెట్టి మీకు పోరాటాల గురించి చెప్పే హక్కు నాకు లేదు.

"నువ్వు చెప్పు కల్పలతా" అన్నాను.

ఆమె కూర్చునే మాట్లాడింది. "ఎవరి మీద కోపం లేదక్కా. కోపానికి సుత బలం కావాలె. ఇడిచిపెడ్దామని ఎన్నిసార్లు అనుకున్ననో. పొద్దున లేస్తే మళ్ల టిఫిన్ కట్టుకుంట. గంతే."

అందరికంటే పెద్దది ప్రేమమణి. మోకాళ్ల నొప్పులతో గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని ఉంది. "ఒక్కరు పోతే ఆ ఒక్కరి ఇంటికి వస్తరు. అందరం పోదం. ఎవరు బోనెక్కినా ఆ రోజు మిషన్లు బందు."

"బందు పెడ్తే పిల్లలకు ఏం పెడ్తవ్?" అని వెనక నుంచి ఒకామె.

"నరసరాజు ఊకుంటడా? తెల్లారే కొత్తోళ్లను తెస్తడు."

"తేనీ. వాళ్లకు సుత చెప్దం, ఈ గేటు ముందర ఏమైందో" అంది ప్రేమమణి.

రెండు గంటలు కొట్లాడుకున్నాం. నలుగురు లేచి వెళ్లిపోయారు. వాళ్లను నేను తప్పు పట్టను. ముప్పై ఒక్కమందిమి మిగిలాం. మర్నాటి నుంచి బ్యూలా కూతురితో పాటు రోజూ ఇద్దరు కాలేజీ బస్సెక్కారు. వంతులేసుకుని ఎక్కారు. పది రోజులు చూసి, పదకొండో రోజు బ్యూలా తనంతట తానే వకీలు మేడమ్ దగ్గరికి నడిచింది. నేను వెంట వెళ్లాను.

మేడమ్ దాచకుండా చెప్పింది. "మళ్లీ పిలిపించమని పిటిషన్ వేస్తాను. జడ్జిగారు ఒప్పుకుంటే మీరు నిజం చెప్పొచ్చు. కానీ అప్పుడు అబద్ధం చెప్పినందుకు మీ మీదే కేసు పడొచ్చు. జైలు కూడా పడొచ్చు."

బ్యూలా చేతి గోళ్లు చూసుకుంది. దుప్పట్ల కొసలు పట్టిపట్టి అవి అరిగిపోయి ఉన్నాయి. "వెయ్యన్రి మేడమ్" అంది.

ఆ వాయిదా నాడు మేం పనికి పోలేదు. పొద్దున్నే వచ్చి కోర్టు హాల్లో బెంచీలన్నీ నింపేశాం. రాఘవేందర్ మనుషులు గోడ పక్కన నిలబడాల్సి వచ్చింది.

బ్యూలా బోనెక్కింది. "నాగసాయి నరికిండు. నేను చూసిన. అవతల కారు అద్దం దించి 'అయిపోయిందా?' అని అడిగింది గాయన" అని రాఘవేందర్‌ను వేలితో చూపించింది.

అవతలి వకీలు లేచాడు. "నిరుడు ఇదే బోనులో ప్రమాణం చేసి చూడలేదన్నావు. అది అబద్ధమా, ఇది అబద్ధమా?"

"అది అబద్ధం సార్."

"మరి అప్పుడెందుకు చెప్పావు?"

"అప్పుడు ఒక్కదాన్నే వచ్చిన."

రాఘవేందర్ తల తిప్పి కూతురిని చూశాడు. కల్పలత కూడా చూసింది, చూపు తిప్పుకోలేదు. ఆమె ముఖంలో కోపం కోసం వెతికాను. ఏమీ లేదు. ఎన్నాళ్లుగానో నిద్రలేని మనిషి ముఖం, అంతే. ముందు తల దించుకున్నది అతనే.

ఆ పూటే బ్యూలా మీద అబద్ధపు సాక్ష్యం కేసు పెట్టాలని రాఘవేందర్ వైపు వాళ్లు పిటిషన్ వేశారు. తరువాతి వాయిదా నెల తర్వాత పడింది. ఎవరం చప్పట్లు కొట్టలేదు. మెట్ల మీద కూర్చుని, తెచ్చుకున్న అన్నం పంచుకుని తిన్నాం.

మర్నాడు గేటుకు కాగితం అంటించి ఉంది. మా ముప్పై ఒక్కమందినీ పనిలోంచి తీసేశారని. అక్కడే కూర్చున్నాం. మాసిన దుప్పట్ల లారీలు రోడ్డు పొడవునా నిలిచిపోయాయి. ఆ రోజు బయల్దేరిన బోగీల్లో పరుపుల మీద దుప్పట్లు లేవు. రెండో రోజు నరసరాజు గేటు సందులోంచి పిలిచాడు. "బ్యూలా, కల్పలత తప్ప మిగిలినోళ్లు లోపలికి రాన్రి. జరిగింది మరిచిపోదం." మేం గేటు వైపు కదల్లేదు. నిజానికి కదిలే ఓపిక కూడా లేదు. నరసరాజు తెచ్చిన కొత్తవాళ్లు పదిమందిలో ఆరుగురు మా మాట విని, సాయంత్రానికి మా పక్కనే కూర్చున్నారు.

మూడో రోజు పోలీసు వ్యాన్లు వచ్చాయి. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఇన్‌స్పెక్టర్ ముందున్న ప్రేమమణి దగ్గరికి వచ్చి లాఠీతో నేల మీద తట్టాడు.

"లే అమ్మా. అందరూ లేవాలె. అరెస్టు చేస్తున్నం."

ప్రేమమణి తలెత్తి చూసింది. "లేవలేం సార్. మోకాళ్లు పట్టుకపోయినయ్. మీరే ఎత్తుకపోన్రి."

ఆమెను ఎత్తడానికి నలుగురు కానిస్టేబుళ్లు కావలసి వచ్చింది. వాళ్లు ఆమెను వ్యాన్‌లో పెట్టి తిరిగొచ్చేసరికి బ్యూలా నేల మీద వెల్లకిలా పడుకుంది. పక్కన కల్పలత, ఆమె పక్కన నేను. తర్వాత అందరూ. ఆ ఆరుగురు కొత్తవాళ్లతో సహా.

ఎత్తడం పూర్తయ్యేసరికి మధ్యాహ్నం రెండయింది, ఇదే గేటు ముందు శాంతికుమార్‌ను నరికిన వేళ.