నల్లబడిన గీత

నేను ఒక ఈసీజీ కాగితాన్ని. పుట్టినప్పుడు లేత గులాబీ రంగు గళ్లు తప్ప నామీద ఏమీ లేవు. నాకు సిరా అక్కర్లేదు. వేడి తగిలిన చోట నల్లబడతాను. వేడితోనే మాట్లాడతాను, వేడి ఎక్కువైతే చస్తాను. ఈ రెండో సంగతి కోటిలింగానికి ఎవరూ చెప్పలేదు. అతను అడగనూ లేదు.

అతని భార్య సామ్రాజ్యం టంగుటూరు దగ్గర పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగు చేసేది. ఒకే నెలలో మూడు రోజులు, పొద్దున కంపెనీ సైరన్ మోగగానే పడిపోయింది. మూడుసార్లూ తోటి ఆడవాళ్లు ఆమె గుప్పిట్లో తాళాలగుత్తి కుక్కారు. కాసేపటికి లేచేది. తాళాలే లేపాయని అందరూ నమ్మారు. గుండె తనంతట తానే లేచిందని ఒక్కరికీ తోచలేదు.

కోటిలింగం ఆమెను టౌనులో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. యంత్రం నామీద ఆమె గుండెను గీసింది. ఉన్నదున్నట్టు రాసుకున్నాను. కొట్టుకున్న ప్రతిసారీ ఆ గుండెలో కరెంటు సద్దుమణగడానికి పట్టాల్సిన దానికన్నా ఎక్కువసేపు పడుతోంది. ఆ సందులో ఉలిక్కిపడితే చాలు, లయ తప్పుతుంది. డాక్టరు నన్ను పైనుంచి కిందికి ఒక్క చూపు చూసి, "ఫిట్సే. ఈ కాగితం భద్రంగా పెట్టుకో" అన్నాడు.

కోటిలింగం అయిదో తరగతి చదివాడు. కాగితమంటే భయం, భక్తి. రేషన్ కార్డు దగ్గర్నుంచి ఇంట్లో ప్రతి కాగితానికీ ప్లాస్టిక్ తొడుగు వేయించాడు. భద్రమంటే అతనికి తెలిసింది అదే. తిన్నగా జిరాక్సు కొట్టుకెళ్లి నన్ను ఇచ్చాడు. లామినేషన్ యంత్రంలో కాలుతున్న రోలర్ల మధ్యకు గులాబీ రంగులో వెళ్లి, ఊపిరి తీసేలోగా బొగ్గులా బయటికొచ్చాను.

"ఇదేందయ్యా ఇట్టా చేశావు?"

"నువ్విచ్చిందే పెట్టా పెద్దయ్యా. నీ కాగితం ఇట్టాంటిదని నాకేం తెలుసు?"

ఆ సంగతి అతను ఇంట్లో చెప్పలేదు. నన్ను పెట్టెలో చీరల అడుగున తోశాడు. నెల తర్వాత సామ్రాజ్యం అడిగింది. "మావా, ఆ కాగితం ఇట్టియ్యి. ఒంగోలు పెద్దాసుపత్రిలో చూపియ్యమంటన్నారు కంపెనీలో."

"ఫిట్సని ఆయన చెప్పాడుగా. నీకు పెద్దాసుపత్రి కావాల్సొచ్చిందా?"

పెట్టెలోంచి విన్నాను. తప్పు చిన్నది. దాన్ని దాచడానికి ఆడిన మాట చిన్నది కాదు. పదిహేను రోజులకు సైరన్ మోగింది, సామ్రాజ్యం పడింది. ఈసారి తాళాలు పనిచేయలేదు. అప్పటికి కూతురు సుధారాణికి ఎనిమిదేళ్లు.

పదకొండేళ్లు చీకట్లో ఉన్నాను. ఒకరోజు కాలేజీలో గంట మోగగానే సుధారాణి మెట్ల మీద పడిపోయింది. కబురు విని పరుగెత్తిన కోటిలింగానికి ముందు కనబడింది ఆ పిల్ల గుప్పిట్లో ఎవరిదో బండి తాళాలగుత్తి. దాన్ని లాగి విసిరేశాడు. ఆమెను ఒంగోలు తీసుకెళ్లాడు.

అక్కడి డాక్టరమ్మ కొత్త ఈసీజీ తీయించి, చాలాసేపు స్కేలు పెట్టి కొలిచింది. "మీ ఇంట్లో చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినవాళ్లున్నారా?"

కోటిలింగం నేల చూశాడు. "నా భార్య. ఫిట్సు."

"ఆమెకు అప్పట్లో ఈసీజీ తీశారా?"

"గుర్తులేదమ్మా."

మర్నాడు పొద్దున్నే వచ్చి నన్ను డాక్టరమ్మ బల్ల మీద పెట్టాడు. సుధారాణి పక్కనే ఉంది.

"తీశారు. లామినేషన్ చేయించి నేనే తగలేశా. ఇంకోచోట చూపిద్దాం, ఇయ్యమని అడిగింది. సిగ్గేసి మాట దాటేశా. కంపెనీ కూత వింటే పడిపోయేది."

సుధారాణి తండ్రి వంక చూడలేదు. "పదకొండేళ్లు దీన్ని మాత్రం భలే భద్రంగా దాచావు నాయనా" అంది.

డాక్టరమ్మ నన్ను వెలుతురులో పట్టి చూసింది. ఏమీ కనబడలేదు. "ఇది చదవక్కర్లేదు. కూత వింటే పడిపోయేదన్నారు చూశారూ, అది చాలు. గుండె కణాల్లో చిన్న చిన్న తలుపులుంటాయి. వాటి గుండా ఉప్పు రేణువులు వచ్చీపోతుంటేనే గుండెకు కరెంటు. ఆ తలుపులు ఎలా కట్టాలో రాసిపెట్టేవే జన్యువులు. ఆ రాతలో ఒక్క అక్షరం తప్పయితే తలుపు సరిగా పనిచేయదు. ఆ అక్షరం వాళ్లమ్మ నుంచి ఈ అమ్మాయికి వచ్చిందనుకుంటున్నాను. రక్తపరీక్షకు పంపుదాం. మందు ఈరోజే మొదలుపెట్టాలి. జీవితాంతం మానకూడదు. అలారం, కుక్కర్ కూత, ఏదీ చెవి దగ్గర మోగకూడదు."

"బతుకుద్దా అమ్మా?"

"మాత్ర మానకపోతే, భయం చాలావరకు తగ్గుతుంది."

సుధారాణికి తీసిన ఈసీజీ కాగితం నా పక్కనే ఉంది. ఆ గీతను గుర్తుపట్టాను. అదే సాగుడు, చివర అదే ఆలస్యం. నాలో కాలిపోయింది ఆ పిల్లలో కాలలేదు.

ఇప్పుడు కోటిలింగం ఇంట్లో కుక్కర్ లేదు, గడియారానికి గంట లేదు. పొద్దున ఆరింటికి మాత్ర, మంచినీళ్లు తెచ్చి కూతురి ముందు పెట్టి, ఆమె మింగేదాకా నిలబడతాడు. క్షమించమని అతను అడగలేదు. ఆమె క్షమించలేదు. నేనూ క్షమించను.

ఒకరోజు కోటిలింగం నన్ను పారేయబోతే సుధారాణి లాక్కుంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, నామీది ప్లాస్టిక్‌ను పైటతో తుడిచింది. నల్లటి నునుపులో ఆమె ముఖం తేలింది.

"అచ్చం మీ అమ్మే" అన్నాడు కోటిలింగం వెనకనుంచి.

నామీద చదవడానికి మిగిలింది అదొక్కటే.